మన కాళ్ల కింద ఒక రైలు ఉండేది: ప్రెయిరీ పాత్ మీద నడిచే తెలుగువాళ్లకు బహిరంగ లేఖ

చికాగో పడమటి శివార్లలో ఉంటూ ఇల్లినాయ్ ప్రెయిరీ పాత్ మీద వాకింగ్‌కి వచ్చే తెలుగువాళ్లందరికీ నమస్కారం.

మీలో చాలామంది ముఖాలు నాకు తెలుసు, పేర్లు తెలియవు. వీటన్ దగ్గరా, వారెన్‌విల్ దగ్గరా, అరోరా వైపూ సాయంత్రాలు ఎదురుపడుతుంటాం. తల ఊపి ముందుకు వెళ్లిపోతాం. వేసవి వస్తే ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు కూడా మనతో పాటు నడుస్తారు. ఈ ఉత్తరానికి కారణం అలా వచ్చిన మా నాన్నే.

ఆయన రైల్వేలో పట్టాల మెయింటెనెన్స్ చూసి రిటైర్ అయిన మనిషి. మొదటిసారి ఆ దారి మీదకు తీసుకెళ్లినప్పుడు పది నిమిషాల పాటు ఏమీ మాట్లాడలేదు. రెండు పక్కలా ఉన్న కాలవల్ని చూశారు. దారి ఎదురుగా సాగిపోతున్న తీరు చూశారు. ఒకచోట వాన నీళ్లకు పైనున్న సున్నపురాయి పొడి కొట్టుకుపోయి అంచు తేలి ఉంది. అక్కడ ఆగి చెప్పు కొసతో గీరారు. కింద నల్లటి బొగ్గు కిట్టం, దాంట్లో కలిసిపోయిన కంకర బయటపడ్డాయి. ఒక రాయి తీసి అరచేతిలో తిప్పి చూసి, మళ్లీ అక్కడే పెట్టేశారు. "ఇది రైలు కట్టరా. పట్టాలు ఎప్పుడు తీసేశారు?" అని అడిగారు.

అప్పటికి ఆరేళ్లుగా ఆ దారి మీద నడుస్తున్నాను. ఒకప్పుడు రైలు ఉండేదని బోర్డు మీద చదివాను, అంతే. ఆయన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఎలా కనిపెట్టారని అడిగితే ఆయన చెప్పింది ఇది: "రోడ్డు వేసేవాడు మిట్ట వస్తే ఎక్కిస్తాడు, పల్లం వస్తే దించుతాడు. రైలు వేసేవాడు మిట్టను తవ్వి ఆ మట్టితో పల్లం నింపుతాడు. నువ్వు ఇంత దూరం నడిచినా ఆయాసం రాలేదు, చూసుకో."

అప్పటి నుంచి ఈ లైను గురించి దొరికినదల్లా చదువుతున్నాను. చదివింది మీతో చెప్పాలి. తర్వాత ఒక పని అడగాలి.

1902 ఆగస్టు 25న ఈ లైను మీద మొదటి సర్వీసులు మొదలయ్యాయి. అప్పటి పేరు అరోరా, ఎల్జిన్ అండ్ చికాగో రైల్వే. 1922లో చికాగో, అరోరా అండ్ ఎల్జిన్ అయింది. ఆవిరి ఇంజన్ కాదు, మొదటి నుంచీ కరెంటు రైలే. కరెంటు ఎక్కువ భాగం పై తీగ నుంచి కాకుండా పట్టాల పక్కనే నేల మీద పరిచిన మూడో పట్టా నుంచి వచ్చేది. 600 వోల్టులు. బోగీ అడుగున ఉండే ఇనుప షూ ఆ పట్టాను రాసుకుంటూ పోయేది. రోడ్డు దాటే చోట మూడో పట్టాను ఆపేసి, అవతల మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. ఆ ఖాళీని బండి తన ఊపుతోనే దాటేసేది. మనం ఇవాళ సైకిల్ దిగి బటన్ నొక్కి నిలబడే క్రాసింగులే అవి.

1905 నుంచి ఈ రైళ్లు వీధుల పైన స్తంభాల మీద వేసిన చికాగో ఎలివేటెడ్ పట్టాలెక్కి సరాసరి డౌన్‌టౌన్‌లోని వెల్స్ స్ట్రీట్ టెర్మినల్ దాకా వెళ్లేవి. అరోరాలో ఎక్కినవాడు మధ్యలో మారకుండా ఆఫీసు వీధిలో దిగేవాడు. ఎల్జిన్ నుంచి, బటేవియా నుంచి, జెనీవా వైపు నుంచి కొమ్మ లైన్లు వచ్చి ఈ లైనులో కలిసేవి. అందరికీ కూడలి వీటన్. కార్ల షెడ్లు, రిపేరు షాపులు, రైల్వే ఆఫీసులు అన్నీ అక్కడే. ఇప్పుడు ఆ చోట నిలబడి చూస్తే అంత పెద్ద యార్డు ఉండేదని ఎవరూ అనుకోరు.

ఈ లైను మీద అంత్యక్రియల రైళ్లు కూడా నడిచాయి. నగరం నుంచి శవపేటికనూ బంధువులనూ హిల్‌సైడ్ దగ్గరి శ్మశానాలకు తీసుకెళ్లడానికి విడిగా ఒక కొమ్మ లైనే వేశారు. పెళ్లికి వెళ్లినా, పనికి వెళ్లినా, చివరి ప్రయాణమైనా ఈ రైలే. ఒక ఊరి బతుకులో రైలు ఎంత కలిసిపోతుందో నాకు అది చదివాకే అర్థమైంది.

తర్వాత పతనం. 1926లో ఈ లైను విద్యుత్ వ్యాపారి శామ్యూల్ ఇన్‌సల్ చేతికి వచ్చింది. బాగుపడింది, కానీ ఆర్థిక మాంద్యంలో ఆయన వ్యాపార సామ్రాజ్యం కూలిపోయినప్పుడు 1932లో ఇదీ దివాలా తీసింది. అయినా నడిచింది. అసలు దెబ్బ కార్ల నుంచి వచ్చింది. ఇవాళ మనం ఐజెన్‌హోవర్ అని పిలిచే ఎక్స్‌ప్రెస్‌వే కోసం ఎలివేటెడ్ పట్టాలను కూల్చాల్సి వచ్చింది. 1953 సెప్టెంబరు 20 నుంచి ఈ రైళ్లు ఫారెస్ట్ పార్క్ దగ్గరే ఆగిపోయాయి. అక్కడ దిగి, ఇంకో బండి ఎక్కి డౌన్‌టౌన్ వెళ్లాలి. చూడటానికి చిన్న మార్పే. కానీ రోజూ రెండు పూటలా, చలికాలం మంచులో, టైం తప్పితే ఆఫీసులో మాట పడాల్సిన మనిషికి అది చిన్నది కాదు. కొద్ది కాలంలోనే ప్రయాణికులు సగానికి సగం తగ్గిపోయారు. రూట్ 59 స్టేషన్లో మెట్రా రైలు అందుకోవడానికి పరుగెత్తే మనవాళ్లకు ఈ సంగతి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

చివరికి 1957 జులై 3. మర్నాడు స్వాతంత్ర్య దినం సెలవు. పొద్దున జనం ఎప్పటిలాగే రైలెక్కి పనికి వెళ్లారు. ప్యాసింజర్ సర్వీసు ఆపుకోవడానికి కోర్టు అనుమతి రాగానే, మధ్యాహ్నం 12 గంటల 13 నిమిషాలకు, కంపెనీ రైళ్లు ఆపేసింది. సాయంత్రం పని ముగించుకుని వచ్చినవాళ్లకు ఇంటికి వెళ్లే రైలు లేదు. పొద్దున తీసుకెళ్లిన రైలు సాయంత్రం తీసుకురాలేదు. 1959లో గూడ్సు కూడా ఆగింది. 1961లో లైను మొత్తాన్ని వదిలేశారు.

ఇక్కడ ఒక ఉత్తరం గురించి చెప్పాలి. నాకు ఈ బహిరంగ లేఖ రాయాలన్న ధైర్యం వచ్చింది దాన్ని చదివాకే. నేపర్‌విల్‌లో మే వాట్స్ స్కూలు ఉంది కదా, మన పిల్లలు చాలామంది చదివే బడి. ఆ పేరు ఎవరిదో వాళ్లను అడిగి చూడండి. మే థీల్‌గార్డ్ వాట్స్ నేపర్‌విల్‌లోనే ఉండేవారు. మార్టన్ ఆర్బొరేటమ్ అనే పెద్ద చెట్ల తోటలో ప్రకృతి పాఠాలు చెప్పి రిటైర్ అయ్యారు. 1963 సెప్టెంబరులో, 70 ఏళ్ల వయసులో, చికాగో ట్రిబ్యూన్ పత్రికకు ఒక ఉత్తరం రాశారు. మనం మనుషులం, రెండు కాళ్ల మీద నిటారుగా నడవగలం, మనకొక కాలిబాట కావాలి అని మొదలుపెట్టారు. అరోరా కరెంటు రైలు దారి ఖాళీగా పడి ఉందనీ, బుల్డోజర్లు దాన్ని చూసి నోరూరించుకుంటున్నాయనీ, టైం లేదనీ హెచ్చరించారు.

ఆమె ఉత్తరం చదివి కొంతమంది కదిలారు. 1965లో ఒక లాభాపేక్ష లేని సంస్థ పెట్టుకున్నారు. 1966లో డ్యూపేజ్ కౌంటీ నుంచి దారిని లీజుకు తీసుకున్నారు. పొదలు కొట్టి, చెత్త ఎత్తి, సొంత చేతులతో బాట చేశారు. వదిలేసిన రైలు దారిని నడక దారిగా మార్చిన ప్రయత్నాల్లో అమెరికాలోనే ఇది మొదటివాటిలో ఒకటి. ఇప్పుడు మొత్తం సుమారు 61 మైళ్లు. ఒక్క ఉత్తరం చేసిన పని అది. నేను రాస్తున్నది అంత పెద్ద ఉత్తరం కాదని నాకు తెలుసు. కానీ దారిని కాపాడుకున్నవాళ్ల తర్వాతి వంతు మనది. దారి మిగిలింది, దాని జ్ఞాపకం జారిపోతోంది.

ఎంత జారిపోతోందో నా కళ్లతో చూశాను. మా వీధిలో ఒక పెద్దావిడ ఉండేవారు. మంచు తీసేటప్పుడు వాళ్ల డ్రైవ్‌వే కూడా తీసిపెట్టేవాణ్ని, అలా పరిచయం. నాన్న అడిగిన ప్రశ్న ఆవిడ దగ్గర ఎత్తాను. ఆవిడ లోపలికి వెళ్లి ఒక బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చారు. అందులో వాళ్ల నాన్నగారి నెలవారీ టికెట్లు ఉన్నాయి. కండక్టర్ పంచ్ చేసిన చిల్లులతో, రబ్బరు బ్యాండు వేసి, వరుసగా పేర్చి. బ్యాండు ముట్టుకోగానే పుటుక్కున తెగిపోయింది. 1957లో ఆవిడకు తొమ్మిదేళ్లు. ఆ సాయంత్రం అమ్మ వంట చేసి పెట్టి, కిటికీ దగ్గర నిలబడి ఉండటం గుర్తుంది అన్నారు. నాన్న రాత్రి బాగా పొద్దుపోయాక ఎవరిదో కారులో వచ్చారట. కోపంగా లేరట. చేతిలో పేపరు మడిచి పట్టుకుని, "ఇక లేదు" అని మాత్రం అన్నారట.

మళ్లీ వస్తాను, ఇదంతా ఫోన్లో రికార్డు చేస్తాను అన్నాను. ఆవిడ సంతోషపడ్డారు. ఆ చలికాలం ఆఫీసులో ప్రాజెక్టు టెన్షన్, పిల్లల పరీక్షలు. మార్చిలో వాళ్ల ఇంటి ముందు పెద్ద డంప్‌స్టర్ కనబడింది. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన వాళ్లబ్బాయి ఇల్లు ఖాళీ చేయిస్తున్నాడు. అడిగాను. పాత కాగితాలన్నీ ముందే వెళ్లిపోయాయి అన్నాడు. పాపం, అతని తప్పేమీ లేదు. అవేమిటో అతనికి చెప్పినవాళ్లు లేరు. తెలిసినవాణ్ని నేనే, నేను వెళ్లలేదు.

1957లో ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు తొంభై దగ్గరపడుతోంది. ఆ రైల్లో ఉద్యోగానికి వెళ్లొచ్చిన చివరి తరం వాళ్లే. చిన్నపిల్లలుగా కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు కూడా డెబ్భై దాటేశారు. వాళ్లు మన పక్కింట్లో ఉన్నారు, లైబ్రరీలో మన పక్క కుర్చీలో ఉన్నారు. అందుకే నేను అడిగే మొదటి పని చాలా మామూలుది. వెళ్లి అడగండి.

ఎలా అడగాలో కూడా చెప్తాను, ఎందుకంటే నేను మొదట్లో తప్పుగా అడిగాను. "ఆ రైలు గురించి చెప్పండి" అంటే "బాగుండేది, స్పీడుగా పోయేది" అని ఆపేస్తారు. మీరు ఏ స్టేషన్లో ఎక్కేవారు, చలికి ఎక్కడ నిలబడేవారు, మీ పక్కన రోజూ ఎవరుండేవారు, మూడో పట్టా దగ్గరికి వెళ్లొద్దని అమ్మ ఎలా చెప్పేది, మంచు పడితే ఆ పట్టా మీద మెరుపులు వచ్చేవా, ఆ రాత్రి మీ ఇంట్లో ఎవరు ఎలా వచ్చారు, ఇలా అడగండి. ఒక చిన్న వస్తువు చేతిలో ఉంటే ఇంకా మంచిది. పాత మ్యాపు ప్రింటు తీసుకెళ్లి ముందు పెట్టండి. వేలు దానంతట అదే ఏదో ఒక చోటికి వెళుతుంది. అక్కడి నుంచి మాట మొదలవుతుంది. ముందుగా వాళ్ల అనుమతి అడిగి ఫోన్లో రికార్డు చేయండి. మొదట్లోనే తేదీ, ఊరు, వాళ్ల పేరు వాళ్ల గొంతుతోనే చెప్పించండి. ఎక్కడ దాచవచ్చో, ఎవరు వినొచ్చో ఒక కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. ఈ కాగితం లేకపోతే ఏ మ్యూజియమూ ఆ రికార్డింగును నలుగురికీ వినిపించలేదు.

ఫోటోలు, టికెట్లు, టైంటేబుళ్లు కనబడితే తుడవొద్దు, టేపు అంటించొద్దు, లామినేషన్ అసలే వద్దు. ఫోటో వెనక ఏదైనా రాయాలంటే పెన్ను వాడొద్దు, మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయండి. స్కాన్ చేస్తే ముందూ వెనకా రెండూ చేయండి, వెనక రాసిన రెండు మాటలకే ఒక్కోసారి ఫోటో కన్నా విలువ ఎక్కువ. తర్వాత అసలు కాగితాన్ని మన అల్మరాలో పెట్టుకోవద్దు. వీటన్‌లో డ్యూపేజ్ కౌంటీ హిస్టారికల్ మ్యూజియం ఉంది. విల్లా పార్క్‌లో ఊరి హిస్టారికల్ సొసైటీ ఈ లైను స్టేషన్ భవనంలోనే ఉంది. వాళ్లకు ఫోన్ చేసి, ఇది మీకు పనికొస్తుందా అని అడగండి.

విల్లా పార్క్ మాట వచ్చింది కాబట్టి, ఎప్పుడూ వెళ్లకపోతే ఒక ఆదివారం వెళ్లండి. ఈ లైను స్టేషన్లు రెండు అక్కడ ఇంకా నిలబడి ఉన్నాయి, ఆర్డ్‌మోర్ ఒకటి, విల్లా అవెన్యూ ఒకటి. ఒక్క చిన్న ఊరికి దగ్గర దగ్గరలో రెండు స్టేషన్లెందుకు? ఎందుకంటే ఒకప్పుడు అవి ఆర్డ్‌మోర్, విల్లా పార్క్ అనే రెండు వేర్వేరు ప్లాట్ల వెంచర్లు. రైలు ఆగుతుంది కాబట్టే ప్లాట్లు అమ్ముడుపోయాయి, ఊరు పుట్టింది. మన రియల్ ఎస్టేట్ బ్రోచర్లలో "మెట్రో స్టేషన్‌కు ఐదు నిమిషాలు" అని వేస్తారే, అదే సంగతి. ఆ రెండు భవనాలు పోయి ఉంటే ఆ ఊరు ఎలా పుట్టిందో చూపించడానికి ఇంకేమీ మిగిలేది కాదు.

దారిలో కనబడేవాటి గురించి ఒక్క మాట. కట్ట మీద పాత ఇనుప మేకు, పింగాణీ ముక్క, సిమెంటు దిమ్మె కనబడితే ఇంటికి తెచ్చుకోవద్దు. షెల్ఫులో పెడితే అదొక తుప్పు ముక్క. అక్కడే ఉంటే, మూడో పట్టా ఏ వైపున ఉండేదో, స్తంభం ఎక్కడ నిలబడేదో చెప్పే సాక్షి. ఫోటో తీసి, ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఉంచి, అక్కడే వదిలేయండి. మా నాన్న రాయిని ఎందుకు మళ్లీ అక్కడే పెట్టారో నాకు తర్వాత అర్థమైంది.

వంతెనల విషయంలో మాత్రం మన గొంతు కావాలి. వీటన్‌లో యూనియన్ పసిఫిక్ పట్టాల మీదుగా దాటే ఇనుప వంతెన మీద ఎప్పుడైనా ఆగారా? ఆ రివెట్ల మీద చెయ్యి వేసి చూడండి. ఇలాంటివి రోజురోజుకీ పాతబడతాయి, ఏదో ఒకరోజు బాగుచెయ్యాలి, కొన్నిచోట్ల మార్చాలి. భద్రత ముందు, దాంట్లో వాదన లేదు. నా కోరిక ఒక్కటే. రాతి పునాదిని గానీ, తూమును గానీ, వంతెనను గానీ ముట్టుకునే ముందు కొలతలు తీసి, ఫోటోలు తీసి, డ్రాయింగు గీసి, లైబ్రరీలో పెట్టాలి. కౌంటీ బోర్డు మీటింగుల్లో జనం మాట్లాడటానికి టైం ఇస్తారు. మూడు నిమిషాలు చాలు. మనలో ఇంత మంది సివిల్ ఇంజనీర్లు ఉన్నారు, ఎవరూ ఆ మైకు దగ్గరికి వెళ్లడం నేను చూడలేదు. నేనూ మొన్నటిదాకా వెళ్లలేదు.

కొందరు మిత్రులు నాతో అన్నారు, ఇది మన చరిత్ర కాదు కదా, మన తాతలెవరూ ఆ రైలు ఎక్కలేదు కదా అని. నిజమే, ఎక్కలేదు. కానీ మనం కొనుక్కున్న ఇళ్లు ఈ ఊళ్లలో ఉన్నాయి, ఈ ఊళ్లు ఇలా పెరగడానికి ఆ రైలు ఒక కారణం. మన పిల్లలకు గుర్తుండబోయే బాల్యం ఈ కట్ట మీదే గడుస్తోంది. అద్దెకున్నవాడికి ఇంటి పాత కథ అక్కర్లేకపోవచ్చు. మనం ఇక్కడ అద్దెకు లేము. ఇల్లు కొన్నాక గోడలో పాత తలుపు గుర్తు కనబడితే ఇక్కడ ఏముండేదని అడగమా?

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. దారి పక్కన ఆగస్టు, సెప్టెంబరుల్లో మనిషి ఎత్తు పెరిగే గడ్డి చూస్తుంటాం. బిగ్ బ్లూస్టెమ్ అంటారు. ఇల్లినాయ్ నేలంతా నాగలి కింద పోయినప్పుడు, రైలు దారుల పక్కన ఉన్న సన్నటి పట్టీలను ఎవరూ దున్నలేదు. అసలు ప్రెయిరీ, అంటే ఇక్కడి సహజమైన గడ్డి మైదానం, ముక్కలు ముక్కలుగా మిగిలింది అలాంటి చోట్లే. మే వాట్స్ కళ్లు ఈ దారి మీద పడటానికి ఆ మొక్కలు కూడా ఒక కారణమై ఉంటాయని నా నమ్మకం. కాబట్టి గడ్డి, రైలు వేర్వేరు కథలు కావు. వాలంటీర్లు కలుపు తీసే రోజుల్లో ఒక పూట వెళ్లండి. పెద్దవాళ్లు వస్తారు, చేతులు పనిచేస్తుంటే కబుర్లు అవే వస్తాయి.

తెలుగు సంఘాల పెద్దలకు విడిగా ఒక మనవి. ఏటా పిక్నిక్‌లు పెడతారు. ఈసారి ఒకటి ఈ దారి మీద పెట్టండి. పిల్లలను సౌత్ ఎల్జిన్‌లోని ఫాక్స్ రివర్ ట్రాలీ మ్యూజియానికి గానీ, యూనియన్ ఊళ్లోని ఇల్లినాయ్ రైల్వే మ్యూజియానికి గానీ తీసుకెళ్లండి. ఈ లైను మీద నడిచిన అసలు కార్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. సీటు మీద కూర్చోనివ్వండి, మోటారు మోత విననివ్వండి. తర్వాత వాళ్లు ఈ కట్ట మీద సైకిల్ తొక్కేటప్పుడు కింద ఏముందో మనం చెప్పక్కర్లేదు.

నా వంతు పని మొదలుపెట్టాను. ఇప్పటిదాకా నలుగురు పెద్దవాళ్లతో మాట్లాడి రికార్డు చేశాను. వాళ్లలో ఒకాయన చిన్నప్పుడు రైలు వచ్చే ముందు మూడో పట్టా సన్నగా మోగేదని, ఆ మోత విని తల్లి వంటింట్లోంచి "మీ నాన్న వచ్చే టైమైంది" అనేదని చెప్పారు. వచ్చే నెల ఇంకో ఇద్దరి దగ్గరికి వెళ్లాలి. ఒకావిడకు చెవులు సరిగా వినబడవు, ప్రశ్నలు పెద్ద అక్షరాలతో రాసి తీసుకెళ్తున్నాను. నాకు తోడు ఒకరు కావాలి. కాగితాలు చూసుకోవడానికి, స్కానింగ్‌కి. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి వీటన్‌లో, దారులు కలిసే చోట ఉంటాను. మా నాన్న ఇప్పుడు ఇక్కడ లేరు, కానీ ప్రతి వారం ఫోన్ చేసి, "ఎవరన్నా దొరికారా?" అని అడుగుతున్నారు.

మీతో పాటు ఆ దారిన నడిచే ఒకడు,
వీటన్, ఇల్లినాయ్